అరవై డాలర్ల లాభం

మా పెద్దబావగారు విజయవాడ బీసెంట్ రోడ్డులో చొక్కాకీ చెప్పులకీ బేరమాడి పెరిగిన మనిషి. చాలా ఏళ్లుగా డాలస్ దగ్గర కాపురం. అక్కడ ఏ షాపుకెళ్లినా అట్ట మీద రాసిన ధరే ధర. నేర్చిన విద్య అక్కరకు రాకుండా పోతోందని ఆయన దిగులు. ఆ దిగులు తీరే చోటు ఊరి చివర ఒకటుంది. పాత కార్లు విప్పి భాగాలు అమ్మే యార్డు.

బావగారికో 1969 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. మా అక్క దాన్ని సవతి అంటుంది. అందులోది 302 ఘనపుటంగుళాల వీ8 ఇంజన్. నూనె తాగి, పొగ కక్కి, చివరికి బేరింగులు దడదడలాడే స్థితికి వచ్చింది. యార్డులో 1989 మస్టాంగ్ ఇంజన్ దొరికింది. 5.0 అని పిలుస్తారు గానీ అదీ ఆ 302 వంశమే. ధర 900 డాలర్లు.

"నా దగ్గర ఫ్లైవీల్ ఉంది. దీనిది విప్పి నువ్వే ఉంచుకో, ధర తగ్గించు" అన్నారు బావగారు.

యార్డు ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "అది ఈ ఇంజన్‌దే సర్. దాంతోనే ఉండనివ్వండి."

"అమ్మేవాడు అలాగే అంటాడ్రా" అని నాతో తెలుగులో అనేసి, బావగారు పట్టు విడవలేదు. 60 డాలర్లు తగ్గాయి. పాత ఇంజన్ కూడా, ఫ్లైవీల్ ఒక్కటీ విప్పుకుని, అక్కడే అమ్మేశారు. ఆ వారమంతా ఎవరు కనిపించినా ఆ 60 డాలర్ల కథే.

బావగారు అజాగ్రత్త మనిషి మాత్రం కాదు. పాత 302లో ఒకటో సిలిండర్ తర్వాత అయిదోది మండుతుంది, ఈ 1989 దాంట్లో మూడోది. అది తెలుసుకుని ప్లగ్గు వైర్లన్నీ వరస మార్చి పెట్టారు. పాత ఫ్లైవీల్‌కి ఆరు బోల్టులూ సరిగ్గా పడ్డాయి. స్టార్టర్ పళ్లు కలిశాయి. క్లచ్ కూర్చుంది. ఇంజన్ మొదటి తాళానికే అందుకుంది.

యాక్సిలరేటర్ నొక్కాక మొదలైంది వణుకు. వాషింగ్ మెషీన్‌లో తడి దుప్పట్లన్నీ ఒక పక్కకు చేరినట్టు బండి మొత్తం ఊగిపోయింది. అద్దంలో వెనకాల వచ్చేది లారీయో బస్సో తెలియదు. గేర్ రాడ్డు పట్టుకుంటే మోచేతి దాకా జలదరింపు. బావగారు ఇంజన్ మౌంటింగులు మార్చారు. టైర్లు బ్యాలెన్సింగ్ చేయించారు. నిలబెట్టి రేస్ చేసినా వణికే బండికి టైర్ల తప్పేముంటుంది? ఆ మాట ఆయనతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

సంగతి విప్పి చెప్పింది ఒక లేతు షాపు వాడు. చాలా ఇంజన్లలో ఫ్లైవీల్ అన్ని వైపులా సమానమైన బరువుతో ఉంటుంది. ఈ ఫోర్డ్ వీ8లో మాత్రం క్రాంక్‌షాఫ్ట్‌కి లోపల చాలని బరువును బయట సర్దుతారు. ముందు బ్యాలెన్సర్‌లో కొంత, వెనక ఫ్లైవీల్‌లో కొంత. అందుకని ఫ్లైవీల్‌ని కావాలనే ఒక పక్క బరువుగా చేస్తారు. పాత 302లకి ఆ తేడా 28 ఔన్స్-ఇంచ్‌లు. 1982 నుంచి వచ్చిన మస్టాంగ్ 5.0లకి 50. బోల్టులు రెండింటికీ ఒకటే కావడంతోనే వచ్చింది చిక్కంతా. తేడా 22. అంటే కేంద్రానికి అంగుళం దూరంలో సుమారు 620 గ్రాములు లోటు. వినడానికి పిసరంతే. 3000 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 160 కిలోల బలంతో క్రాంక్‌ని ఒక పక్కకి లాగుతూ, సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. ఇలాగే నడిపితే బేరింగులు మిగలవన్నాడు.

పాత చక్రం వ్యాన్‌లో వేసుకుని మళ్లీ యార్డుకే వెళ్లాం. "50 ఔన్సుల ఫ్లైవీల్ కావాలి" అన్నారు బావగారు. ముసలాయన లోపలికెళ్లి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. 150 డాలర్లన్నాడు. బావగారు వందకి అడిగారు. ముసలాయన గోడకేసి చూశాడు. నూట ఇరవైకి అడిగారు. ఆయన చూపు గోడ మీదే ఉంది. బావగారు 150 లెక్కపెట్టి ఇచ్చారు.

గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే అంచు మీద పసుపు రంగుతో రాసిన స్టాకు నంబరు బయటపడింది. బావగారు పర్సులోంచి ఇంజన్ కొన్న బిల్లు తీశారు. అదే నంబరు.

"ఇది నా ఇంజన్‌దే కదా!"

"అవును సర్. దాంతోనే ఉండనివ్వండన్నాను."

బావగారు మాట్లాడలేదు. ముసలాయన పాత చక్రం వైపు చూశాడు. "అది మీకింకెందుకు? తూకానికి వేసేయండి." ఇనుము లెక్కన 5 డాలర్లు కట్టాడు. ఆ కోపంలో బావగారు బేరం కూడా ఆడలేదు.

కొత్త చక్రం ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే వెనక ముసలాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మీరు మొన్న కొన్న 1969 ఇంజన్‌కి 28 ఔన్సుల ఫ్లైవీల్ అడిగారుగా, దొరికింది. దాని సొంతదే. 150 డాలర్లు. బేరం లేదు."