లారీకి ఎఫ్‌సీ, డ్రైవరుకి రబ్బరు స్టాంపు

మన పేపర్లకి ఒక వార్తంటే మహా ఇష్టం. బస్సో లారీయో నడుపుతుండగా డ్రైవరుకి గుండెపోటు వస్తుంది. కళ్లు మూతలు పడుతున్నా బండిని రోడ్డు పక్కకి తీసి ఆపుతాడు. స్టీరింగు మీదే ఒరిగిపోతాడు. 'తాను పోతూ అందర్నీ కాపాడాడు' అని శీర్షిక పెట్టి, పాస్‌పోర్టు సైజు ఫోటో వేసి, చదివేవాళ్ల చేత కన్నీళ్లు పెట్టిస్తారు. మనమూ జోడించిన చేతుల బొమ్మ ఒకటి వాట్సాప్‌లో పడేసి రుణం తీర్చుకుంటాం. ఆ మనిషి జబ్బకి పట్టా చుట్టి చివరిసారి బీపీ ఎప్పుడు చూశారని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే వార్త చెడిపోతుంది మరి.

బస్సు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆర్టీసీకి ఆసుపత్రి ఉంది, యూనియన్లున్నాయి, అరిచే నోరుంది. లారీ డ్రైవరుకి ఉన్నదల్లా ఫారం 1ఏ.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న ఈ వైద్య ధ్రువపత్రం చదివితే ప్రభుత్వానికి డ్రైవరు ఒంటి మీద ఎంత నమ్మకమో తెలుస్తుంది. చూపులో లోపం ఉందా? రంగులు పోల్చుకోగలడా? మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు ఆనవాలు పట్టగలడా? హారను వినబడనంత చెవుడుందా? రేచీకటి ఉందా? కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయా? రక్తం ఏ గ్రూపు? ఆ చివరిది కూడా ఇష్టమైతేనే రాయొచ్చు. బీపీ రాయడానికి గడి లేదు. షుగరుకీ లేదు. రాత్రంతా గురకపెట్టి పగలు కునికిపాట్లు పడతాడా అన్న ప్రశ్నా లేదు. ప్రమాదం జరిగాక ఎక్కించాల్సిన రక్తం ఏ రకమో అడిగారు గానీ, ప్రమాదం జరక్కముందు అదే రక్తం ఎంత ఒత్తిడితో పరుగెడుతోందో అడగాలని ఎవరికీ తోచలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఫారం 1 అని ఇంకో కాగితం ఉంది. డ్రైవరు తన గురించి తానే ఇచ్చుకునే హామీ అది. మూర్ఛ గురించి, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం గురించి అడిగి, ఆఖర్న 'జనానికి ప్రమాదం తెచ్చే ఇంకే జబ్బయినా ఉందా' అని ఒక ప్రశ్న పడేశారు. పొట్టకూటి కోసం లైసెన్సు అడగడానికి వచ్చినవాడు 'ఉందండీ, 170/110' అని రాస్తాడని ఎదురుచూసే అమాయకులు ఢిల్లీలోనే దొరుకుతారు. పైగా చాలామందికి తమకి బీపీ ఉన్న సంగతే తెలీదు. తలనొప్పి రావడం లేదు కదా, ఇంకెక్కడి బీపీ అనుకుంటారు. ఈ జబ్బు గొప్పతనమే అది. హారను కొట్టకుండా ఓవర్‌టేక్ చేస్తుంది.

ఆ ఫారం ఎలా నిండుతుందో చూడాలంటే రవాణా ఆఫీసు ఎదురుగా ఉండే జిరాక్సు షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు. ప్లాస్టిక్ కుర్చీ, లామినేషన్ మిషను, స్టాంపు ప్యాడు, పిన్నులు కొట్టి ఉంచిన ఫారాల బొత్తి.

"డాక్టరు గారు నన్ను చూడక్కర్లేదా తమ్ముడూ?" అంటాడు రెన్యువల్‌కి వచ్చిన యాభై ఏళ్ల డ్రైవరు.

"ఎందుకు చూడరు బాబాయ్? నీ ఫోటో అంటించాం కదా, దాన్ని చూస్తారు."

ఫారం కింద మాత్రం 'అభ్యర్థిని నేను స్వయంగా పరీక్షించాను' అని డాక్టరు గారి మాటగా అచ్చేసి ఉంటుంది. దూరపు చూపు మీద, వినికిడి మీద, కాళ్ల చేతుల కీళ్ల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టానని కూడా ఉంటుంది. ఆ శ్రద్ధంతా సాయంత్రం షాపువాడితో లెక్క తేల్చుకునేటప్పుడు బయటపడుతుంది. మనిషిని కూర్చోబెట్టి నిజంగా చూసే డాక్టర్లు లేరని కాదు, ఉన్నారు. వాళ్ల దగ్గర క్యూ ఉండదు. 2019లో చట్టం సవరించి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువుని మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు కాబట్టి ఇప్పుడీ శ్రద్ధ కూడా ఐదేళ్లకోసారే.

ఇక లారీ భాగ్యం చూడండి. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, అది దాటితే ఏటేటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆ వారం ఓనరుకి నిద్రుండదు. బ్రేకులు చూపించాలి, హెడ్‌లైట్లు, వైపర్లు, టైర్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు చూపించాలి. వెనక ఒక చిన్న బల్బు వెలగలేదని బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ఎక్కడ తిప్పి పంపేస్తారోనని ఓనరుకి గుండె దడ. డ్రైవరు కళ్లెదుట డ్యాష్‌బోర్డులో గాలి ప్రెషరు చూపే ముల్లొకటి ఉంటుంది. ఎయిర్ బ్రేకుల బండి కదా, ట్యాంకులో గాలి తగ్గితే బజరు మోగుతుంది. మళ్లీ ప్రెషరు ఎక్కేదాకా ఎంత తొందర ఉన్నా బండి తియ్యరు. ఆ ముల్లుకి రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషి ప్రెషరుకి ముల్లూ లేదు, బజరూ లేదు. అది దిగేదాకా బండి ఆపాలన్న రూలూ లేదు.

ఆ ప్రెషరు ఊరికే రాదు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంది. ఏకబిగిన ఐదు గంటలకి మించి నడిపించకుండా మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వమంది. చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. అయితే ఐదుగురూ అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకే అని అందులో ఒక మెలిక పెట్టారు. ఒకటో రెండో బండ్లున్న ఓనరు దగ్గర ఐదుగురెక్కడి నుంచి వస్తారు? అతని దగ్గరున్నది ఒక డ్రైవరు, నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ. క్లీనర్ని పెట్టుకునే రోజులు కూడా పోతున్నాయి. కైకలూరులో ఐసు వేసి ఎక్కించిన చేపల లోడు హౌరా చేరాలి. ఎనిమిది గంటలు అయిపోయాయి కదా అని ఐసు కరగడం ఆపదు. ఆలస్యమైతే కిరాయిలో కోత, సరుకు పాడైతే అసలు కిరాయే అనుమానం. 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. చాలా సంతోషం. చల్లగా కూర్చుని మరో నాలుగు గంటలు ఎక్కువ తోలొచ్చు.

తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు తినమంది, అంటే చిన్న చెంచాడు. ఆ సంస్థవాళ్లెవరూ తడ దగ్గర అర్ధరాత్రి ధాబాలో భోంచేసినట్టు లేరు. కూరలో ఉప్పు, పప్పులో ఉప్పు, ఇంటావిడ ప్రేమగా కట్టిచ్చిన ఆవకాయ సీసాలో ఇంకా ఉప్పు. నిద్ర ఆపడానికి టీ, ఖైనీ. బండి ఆపాక నిద్ర రప్పించడానికి క్వార్టరు. మన డ్రైవరు ముని కాదు, ఒప్పుకుంటాను. మునుల్ని పెట్టుకుంటే కిరాయి గిట్టదు.

ప్రమాదం జరిగాక ఏం చేయాలో మాత్రం చట్టానికి కంఠోపాఠం. ఢీకొట్టి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేస్తే హైదరాబాదు బంకుల ముందు పెట్రోలు కోసం క్యూలు కట్టాం. డ్రైవరు పుణ్యమా అని మన బీపీ పెరిగింది ఆ ఒక్క రోజే. ఆ నిబంధనని అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. డ్రైవరు బీపీని పక్కన పెట్టినంత పని కూడా లేదు, అది ఏనాడూ బల్ల మీదికే రాలేదు.

కొన్నిచోట్ల నిజంగానే చూస్తారు. కరీంనగరు, నిజామాబాదు, కడప వైపు నుంచి గల్ఫ్‌కి హెవీ డ్రైవర్లుగా వెళ్లేవాళ్లకి మెడికల్‌లో బీపీ కొలుస్తారు. అక్కడ మొదలవుతుంది చిట్కాల బజారు. పరగడుపున పచ్చి వెల్లుల్లి, మునగాకు రసం, ముందురోజు ఉపవాసం. ఏదీ చాలదనుకుంటే మామగారి మాత్ర. మామగారికి ఏ డాక్టరు ఏ జబ్బుకి రాశాడో అనవసరం, 'బీపీదే' అని అత్తగారు చెబితే చాలు. ఆ మాత్ర ఆమ్లోడిపిన్ అయితే ఒంట్లో నిలదొక్కుకుని పూర్తిగా పనిచేయడానికి వారం పైనే పడుతుంది. పొద్దున మింగి పదింటికి పరీక్షకి పోతే, మాత్ర పని మొదలెట్టేలోపే డ్రైవరు ఫెయిలై బయటికొస్తాడు. ఒకటికి రెండు మింగితే గండం ఇంకోటి. బాగా ఎక్కిన బీపీని గబుక్కున కిందికి లాగితే మెదడుకి రక్తం చాలక పక్షవాతం రావచ్చు. గల్ఫ్ బదులు మంచం.

చిట్కా కావాలంటే కొలిచే పద్ధతే అసలు చిట్కా, దాన్ని అమ్మేవాడు లేడు. పరీక్షకి అరగంట ముందు టీ, బీడీ ముట్టకూడదు. ఒంటేలుకి వెళ్లి రావాలి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు జబ్బకి చిన్న పట్టా చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది, అప్పుడు పెద్ద పట్టా అడగాలి. మూడంతస్తుల మెట్లు ఎక్కించి, 'కమాన్, కమాన్, నెక్స్ట్' అంటూ నిలబెట్టి పట్టా చుట్టేచోట మునికి కూడా 150 వస్తుంది.

అమెరికా డ్రైవర్లూ తక్కువ తిన్లేదు. ట్రక్కు మెడికల్ ముందు బీట్‌రూట్ రసం లీటర్లకొద్దీ తాగేవాళ్లు అక్కడా ఉన్నారు. కాకపోతే అక్కడ తాగడానికి కారణం ఉంది. 140/90 లోపుంటే రెండేళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు. 159/99 దాకా అయితే ఏడాదికే. 160/100 నుంచి 179/109 వస్తే మూడు నెలలు, అదీ ఒక్కసారే, ఆలోగా మందులు వాడి దించుకు రావాలి. 180/110 తాకితే ఆ రోజు తాళాలు ముట్టుకోనివ్వరు. 140/90కి తెచ్చుకుని వస్తే ఆరు నెలలకోసారి చూపించుకునే షరతు మీద మళ్లీ బండెక్కనిస్తారు. రాసే డాక్టరు పేరు కూడా 2014 నుంచి జాతీయ రిజిస్ట్రీలో ఉండి తీరాలి. అక్కడి డ్రైవరు పరీక్షని ఏమార్చడానికి నానా తంటాలు పడతాడు. మనవాడికి ఆ శ్రమ కూడా లేకుండా చూసుకునే దయామయ సర్కారు మనది.

రేపు ఎవరో నా మాట విని ఫారం 1ఏలో బీపీ గడి పెట్టారనుకోండి. జిరాక్సు షాపులో రేటు యాభై రూపాయలు పెరుగుతుంది. గడిలో 120/80 అని ముందే అచ్చేయించి బొత్తి కట్టి పెడతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం మందికి బీపీ ఎక్కువుంది లేదా దానికి మందులు వాడుతున్నారు. తెలంగాణలో ఆ లెక్క 30 శాతం దాటింది. లారీ డ్రైవర్లలో మాత్రం వెతికినా ఒక్కడు దొరకడు. ఆ ఆరోగ్య రహస్యం ఖైనీలో ఉందో ఆవకాయలో ఉందో తేల్చడానికి విదేశాల నుంచి శాస్త్రవేత్తలు దిగుతారు.

కాబట్టి ఒక్క గడితో పనవదు. బీపీ ఎక్కువొచ్చినవాణ్ణి ఇంటికి పొమ్మంటే వాడు పక్క జిల్లాకి పోయి స్టాంపు వేయించుకుంటాడు. వేయించుకోక ఏం చేస్తాడు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. మూడు నెలల గడువిచ్చి, ఆ మూడు నెలలు పని పోదని భరోసా ఇస్తే దాచుకోడు. మందు ఖరీదూ పెద్ద అడ్డం కాదు, జన ఔషధి షాపులో నెలకి సరిపడా ఆమ్లోడిపిన్ ఒక ధాబా భోజనం కంటే చవక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు కూడా. కానీ ఆ కేంద్రం ఊళ్లో ఉంటుంది, మనిషి హైవే మీద ఉంటాడు. ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు లేకపోతే దూరం నుంచే పసిగట్టే టోల్‌గేటు పక్కన ఒక బీపీ మిషను, ఒక నర్సు, ఒక మాత్రల డబ్బా పెట్టడానికి మనకి చోటు దొరకలేదు.

ఆ, జనవరిలో దొరుకుతుంది. రోడ్డు భద్రతా మాసోత్సవాలప్పుడు షామియానా వేసి, ఫ్లెక్సీ కట్టి, ఉచిత శిబిరం పెడతారు. అక్కడ పాపం నిజంగానే చూస్తారు. 180 వస్తే చీటీ మీద రాసి, 'రెస్టు తీసుకో అన్నా' అని చేతిలో పెడతారు. ఫోటో దిగాక ఆ చీటీని మడిచి సన్‌వైజర్‌లో పర్మిట్ కాగితాల వెనక దోపి, అతను బండి స్టార్ట్ చేస్తాడు. హౌరాలో ఎవరూ ఆ చీటీ అడగరు.

ఇది చదివే లారీ ఓనర్లకి ఒక మాట. ఈసారి బండిని ఎఫ్‌సీకి పంపే రోజున డ్రైవర్ని కూడా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పట్టా చుట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. 140/90 దాటితే డాక్టరు చేత మాత్ర రాయించి, నెల తిరిగేలోపు మళ్లీ చూపించండి, పనిలోంచి మాత్రం తీసేయకండి. 180/110 వస్తే ఆ ట్రిప్పుకి ఇంకొకణ్ణి పంపి, ఇతని బత్తా ఇతనికి ఇవ్వండి. ఆ బత్తా మీ లారీకి వేసే ఒక కొత్త టైరు ఖరీదు కంటే తక్కువ.