డిక్కీ కారు యజమాని మొర

దేశానికి సమస్యలు చాలా ఉన్నాయంటారు. ఉండనీయండి. జగిత్యాల నుంచి కోరుట్ల, కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు సెడాన్‌లో సకుటుంబంగా వెళ్ళే గృహస్థు గోడు మాత్రం ఇంతవరకు ఏ చట్టసభలోనూ చర్చకు రాలేదు. బడి ముందొక స్పీడ్ బ్రేకర్, గుడి ముందొకటి, కల్లు దుకాణం ముందొకటి, ఎవరి పలుకుబడి ఎంతో చాటడానికి వాళ్ళ ఇంటిముందు మరొకటి. మీదీ డిక్కీ కారే అయితే ఇక చెప్పక్కర్లేదు. నడుం మీకూ ఉంది.

స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా కట్టాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో శాసించింది. ఆ ధర్మశాస్త్రం మన దారిలోని మేస్త్రీల దాకా చేరలేదు. ఖాళీ సెడాన్ కింద జాగా పదహారు సెంటీమీటర్ల చిల్లర. అందులో అమ్మ, మా ఆవిడ, పిల్లలు, సద్దిగిన్నె, నీళ్ల క్యాన్ ఎక్కాక మిగిలేది దేవుడి దయ. బండి అడుగున గర్రుమనగానే అందరూ నా మొహమే చూస్తారు. "దిగాల్నా బిడ్డా?" అంటుంది అమ్మ, అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని.

దిగాల్సిందే.

సరిగ్గా అప్పుడే గల్ఫ్ నుంచి వచ్చిన మా బామ్మర్ది ఎస్‌యూవీ దుమ్ము లేపుకుంటూ మమ్మల్ని దాటిపోతుంది. "రోడ్డు ఖరాబున్నదా బావా? నాకు తెల్వనే తెల్వలే" అంటాడు తర్వాత. ఆ బండి ఎత్తు ఎక్కువ కాబట్టి మలుపులో ఒరుగుతుందని, బరువూ గాలి తాకిడీ ఎక్కువ కాబట్టి ఇంధనం ఎక్కువ తాగుతుందని, హైవే మీద కుదురుగా పోయేది నా బండేనని భౌతికశాస్త్రం సాక్షిగా విన్నవించాను. కొండగట్టు ఘాట్‌లో దాని మూడో వరుసలో కూర్చున్న పిల్లలు సాంచె మీది నాడెలా అటూ ఇటూ కొట్టుకుని, దిగగానే ఏం చేశారో కూడా గుర్తుచేశాను. భౌతికశాస్త్రాన్ని మా ఇంట్లో ఎవరు విన్నారు కనుక.

ఇక నమ్మకం సంగతి. బండి ఏ ఆకారంలో ఉన్నా వేళకు ఆయిల్ మార్చి, సర్వీసింగ్ చేయిస్తే నడుస్తుంది, లేకుంటే ఆగుతుంది. ఇందులో బ్రహ్మరహస్యం లేదు. కానీ లోకన్యాయం చూడండి. ఎస్‌యూవీ ఆగితే "పాపం, పెద్ద బండి, మస్తు కష్టపడ్డది" అంటారు. దాని ఒక్కో టైరు ఖరీదు వింటే ఎవరికైనా చెమట పడుతుంది, అయినా "బండంటే అట్లుండాలె" అంటారు. నాది ఆగితే "మేం అప్పుడే చెప్పినం" అంటారు.

ఎవరూ ఏమీ చెప్పలేదు.

ప్రభుత్వమూ పగబట్టినట్టే ఉంది. 4 మీటర్ల లోపు చిన్న ఇంజిన్ కారుకు పన్ను తక్కువనే పద్ధతి 2006 నుంచి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి వాటికి జీఎస్టీ 18 శాతం, పెద్ద బండ్లకు 40 శాతం. ఆ 4 మీటర్ల గీతకు లోబడడానికి కంపెనీలు సెడాన్ తోకను కురచ చేశాయి. రాజ్యాంగంలో డిక్కీకి రక్షణ లేదు.

ఒక్క వడ్ల కాలంలోనే సమసమాజం సాక్షాత్కరిస్తుంది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. మిగిలిన సగంలో ట్రాక్టర్. దాని వెనుక బామ్మర్దీ నేనూ వరుసగా, ఒకే వేగంతో, ఒకే పొగ పీలుస్తూ.

మొన్న సిరిసిల్లలో పెళ్ళికి మా వాళ్ళంతా బామ్మర్ది బండే ఎక్కారు. మూడో వరుస సీటు వేస్తే ఎస్‌యూవీలో సంచి పెట్టే చోటు కూడా ఉండదన్న సత్యం అప్పుడు బయటపడింది. డిక్కీ ప్రతిష్ఠ నిలిచింది. పెట్టెలూ చీరల సంచులూ నా వెంట వచ్చాయి.

వాటిలో ఒక్కటీ నాకు వంక పెట్టలేదు.