కండక్టరు గారి కిరాయిండ్లు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి మీద, నగరమునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున నున్న చౌటుప్పల్‌లో, 1995లో లింగోజిగూడెము దగ్గర దివీస్ వారు కర్మాగారము నెలకొల్పిన పిమ్మట, ఆ వెనుకనే మరికొన్ని మందుల కంపెనీలు రాగా, 'ఓనర్లు' అనెడి నూతన వర్ణమొకటి ఉద్భవించినది. అందు చెలక అమ్మి మేడ కట్టినవారు కలరు, పింఛను పంతుళ్ళు కలరు. కాని రసజ్ఞులకు ఆరాధ్యుడు ఆర్టీసీలో పదవీవిరమణ చేసి, వచ్చిన పైకముతో ఆరు పోర్షన్లు లేపిన కండక్టరు గారు. 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో ఆరంభించిన వంశమున పుట్టితినని ఆయనకు గర్వము.

పుట్టు ఓనరు, ఇల్లడుగ వచ్చినవానిని "మీదేం కులం? నీసు తింటరా? చుట్టాలు శానమంది వస్తరా?" అని మూడు తరములు త్రవ్వి గాని తాళము తీయడు. "యాడిదాకా?" యన్న ప్రశ్న తప్ప ఉద్యోగకాలమున వేరొకటెరుగని యీయన, ఒడిశా పిల్లవానినైనను బిహారు పిల్లవానినైనను "ఎన్ని నెలలుంటవు తమ్ముడూ?" అని మాత్రమే అడిగి, "జర లోపలికి జరుగుండ్రి" అని గదికి నలుగురిని సర్దును. కిటికీ ప్రక్క చోటు ముందెక్కినవానిదే యని ఆయన తీర్పు చెప్పుట నేను కన్నులార చూచితిని.

సొమ్ము పుచ్చుకొని టికెట్టీయకుండుట బ్రహ్మహత్యను మించిన పాతకము. చెకింగు వారు ఏ మలుపున ఆపుదురో! అందుచేత, రసీదన్న మాట వినగానే చెవుడు తెచ్చుకొను ఓనర్ల నడుమ, ఈయన నలుబది రూపాయల నీళ్ళ పైసలకును కార్బను పెట్టి రసీదు వ్రాయును. 187 రూపాయల కరెంటు బిల్లుకు 200 ఇచ్చితిరా, రసీదు వెనుక 13 వేసి, దాని చుట్టు సున్న చుట్టి, "దిగేటప్పుడు యాదిజెయ్యి" అనును. ఖాళీ చేయు దినమున అడ్వాన్సుతో పాటు ఆ పదమూడును వచ్చును. సున్నము వేయించితిననియు, గోడకు మేకు కొట్టితివనియు కోతలు లేవు.

బోరు మోటారు ప్రాతఃకాలమున 5 గంటల 40 నిమిషములకు బయలుదేరును. బకెట్టు పెట్టనివాడు తరువాతి ట్రిప్పుకు, అనగా సాయంకాలము దాక, వేచియుండవలసినదే. 2015లో మిషన్ భగీరథ పైలాన్ లేచిన ఊరు గనుక నల్లానీళ్ళకు వేరే మర్యాద కలదు. వాని బిందెలు ముందు వరుసలో నుండును. ట్యాంకి నిండగానే "హోల్డాన్!" అను కేక వీధి చివరకు వినవచ్చును.

ఇన్ని వింతలున్నను ఆయన గుణమొకదానికి నేను దాసుడను. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి పండుకొన్నవాని నిద్ర విలువ, నైటౌటు డ్యూటీలలో బస్సు సీటుపై నడుము వాల్చినవానికి గాక మరెవనికి తెలియును? మిట్టమధ్యాహ్నము మెట్లమీద పిల్లలు గంతులు వేసినచో పెదవిపై వేలుంచి తరుమును. ఇల్లాలు మిక్సీ వేయబోగా స్విచ్చి ఆర్పివేయును.

ఆ ఇల్లాలి ఫిర్యాదు మిక్సీ గూర్చి కాదు. ఛార్జీలు పెంచుట సర్కారు పని గాని కండక్టరు పని కాదను సిద్ధాంతముచే ఆయన ఏండ్ల తరబడి కిరాయి పెంచలేదు. తుదకు మొన్నటి దసరాకు ఆమెయే సర్కారై, పోర్షనుకు మూడు వందలు పెంచుచు ఒక కాగితము వ్రాసి మెట్ల గోడకంటించినది. ఆయన కళ్ళద్దములు సవరించుకొని దానిని రెండు మారులు చదివి, ఎదురాడక, అడుగున చిన్న అక్షరములతో "విద్యార్థి పాసులు చెల్లును" అని చేర్చెను. మరునాటికి కిరాయిదారులలో సగము మంది ఐటీఐ విద్యార్థులైరి.