అమ్మా మార్చి ఎనిమిదీ, మంగళహారతి గైకొనుమా!

అమ్మా మార్చి ఎనిమిదీ, మహిళా దినోత్సవమా, విశాఖపట్నం నీకు సాష్టాంగపడుతోంది. సింహాద్రి అప్పన్నను గోగులపాటి కూర్మనాథకవి ఏ తీరున శతకం కట్టి కొలిచాడో ఆ తీరునే నిన్ను కొలవాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. పద్యం కట్టడం చేతకాదు కనుక వచనంతోనే సరిపెట్టుకో తల్లీ.

నీ మహిమ సామాన్యమా! ఏడాది పొడుగునా సమానత్వం పాటించడం ఏ ఆఫీసుకైనా తలకు మించిన పని. నువ్వు దయతలచి ఆ పనినంతా ఒక్క పూటకు కుదించావు. పదిన్నరకు జ్యోతి ప్రజ్వలన, ఒంటిగంటకు బిర్యానీ పొట్లం. మధ్యలో శాలువా, జ్ఞాపిక, ఒకే రంగు చీరల్లో గ్రూప్ ఫొటో. వేదిక మీద కుర్చీల్లో అయిదుగురు మగవాళ్లుంటే, వాళ్లకు పూలగుత్తులు అందించడానికి అయిదుగురు ఆడవాళ్లుంటారు. లెక్క ఎక్కడా తేడా రాదు. ఉపన్యాసం కూడా మగవాళ్లే ఇచ్చి, మాట్లాడే శ్రమ ఆడవాళ్లకు తప్పిస్తారు.

ఆ తర్వాత ఆటలు. ముగ్గుల పోటీ, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ. వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది నిప్పు లేని వంట. ఉక్కు కాచే ఊళ్లో ఆడవాళ్లకు ఇంతకన్నా తగిన పోటీ ఎవరు కనిపెట్టగలరు?

ఎందుకంటే మన ఉక్కు కర్మాగారంలో నిప్పు దగ్గర ఎప్పటినుంచో ఆడవాళ్లే ఉన్నారు. మూడు బ్లాస్ట్ ఫర్నేసులు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ముగ్గురూ జనరల్ షిఫ్టు అడగలేదు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అన్నిటా వాళ్లదే డ్యూటీ. ముడిసరుకు అందక మధ్యలో ఒకరిద్దరిని చల్లార్చి కూర్చోబెట్టిన రోజులున్నాయి గానీ, చీకటి పడింది, ఇంటికెళ్లండమ్మా అని ఎవరూ అనలేదు. పేరు మాత్రమే ఆడదై, మనిషి ఆడది కాకపోతే చాలు, 1948 ఫ్యాక్టరీల చట్టానికి ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఆ చట్టం 66వ సెక్షన్ రక్తమాంసాలున్న ఆడవాళ్లను పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే పనిలో ఉండనిచ్చింది. షిఫ్టుల మీద నడిచే కర్మాగారంలో రాత్రి డ్యూటీ చెయ్యని మనిషికి షాపు అనుభవం ఎక్కడిది, ఆ అనుభవం లేనిదే పైమెట్టు ఎక్కడిది? ఆ రెండు ప్రశ్నలూ వేదిక మీదికి రాకుండా కాపాడిన దానవు నువ్వే.

66వ సెక్షన్‌లోని ఆ నిబంధన చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లోనే చెప్పింది. తొందరపడటం మన ప్రభుత్వాల ఇంటావంటా లేదు కనుక, రాష్ట్ర శాసనసభ 2025లో చట్టం సవరించి, ఆడవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే రాత్రి పనికి తలుపు తీసింది. రవాణా, భద్రత యజమాని చూసుకోవాలంది. ఆ తలుపులోంచే, దారిలో ఉంది కదా అని, రోజుకు తొమ్మిది గంటల పనిని పది గంటలు చేసేసింది. ఆ పదో గంటను ఆడా మగా ఇద్దరికీ పంచింది. ఇదీ సమానత్వం అంటే!

రేవు సంగతి చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. 2009 జులై 26న మన విశాఖలోనే దేశంలో కట్టిన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది. ప్రధాని మన్మోహన్ సింగ్ పక్కనే ఉన్నా, కొబ్బరికాయ కొట్టింది ఆయన భార్య గురుశరణ్ కౌర్. నౌకను నీళ్లలోకి దించడానికి ఆడచెయ్యి శుభమని నావికుల నమ్మకం. ఆనాటికి ఆ జలాంతర్గామిలో ఉద్యోగానికి మాత్రం ఆడవాళ్లకు చోటు లేదు. కాయ కొట్టించుకుని మనిషిని ఒడ్డునే నిలబెట్టడం ఎంత మర్యాద! నీ సభల్లో జ్యోతి వెలిగించే వరసకూ దీనికీ చుట్టరికం ఉందని నా అనుమానం.

ఓడల వ్యాపారానికి ఈ మర్యాద కొత్త కాదు. మెకినన్ మెకంజీ అనే షిప్పింగ్ కంపెనీలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ ఒకామె ఉండేది. అదే పని చేసే మగవాళ్లకన్నా ఆడవాళ్లకు జీతం తక్కువ. ఆమె సమాన వేతనం అడిగింది. ఆ మాటకు బలమిచ్చిన చట్టం 1976 నాటిది, సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది 1987లో. సంస్థకు స్తోమత లేదన్న సాకు కుదరదని కూడా కోర్టు చెప్పింది. ఇంత పేచీకోరు మనుషుల పేర్లు నీ సభల్లో ఎత్తకపోవడం మంచిదే, బిర్యానీ చల్లారిపోతుంది.

నీ పుట్టుపూర్వోత్తరాలు కూడా ఎత్తం. 1910లో కోపెన్‌హాగన్‌లో క్లారా జెట్కిన్ నీ కోసం ప్రతిపాదన పెట్టిందనీ, 1917లో పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కావాలని పని ఆపి వీధిన పడ్డారనీ చెబితే పిల్లలు భయపడతారు. రొట్టె అడిగినవాళ్ల పేరిట మేం కేకు కోస్తున్నాం. 1977లో ఐక్యరాజ్యసమితి నీకు అధికార ముద్ర వేశాక నువ్వు పెద్దింటి కోడలివయ్యావు. సమ్మె మాట నీ దగ్గర ఎత్తడం మర్యాద కాదు.

అందుకే 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రోడ్డెక్కిన అంగన్‌వాడీ అమ్మలు చేసింది నాకేం నచ్చలేదు. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం ఇస్తుంటే ఇంకా అడుగుతారా? ప్రభుత్వం జనవరి 6న అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. ఒక్క విషయం మెచ్చుకోవాలి: జీతం దగ్గర ఉద్యోగులు కారన్నవాళ్లను శిక్ష దగ్గర అత్యవసర సేవకుల్ని చేసింది. ఇంత పదోన్నతి ఏ దినోత్సవమైనా ఇవ్వగలదా?

అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే అమ్మాయిలు మరీ సుకుమారులు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి విషవాయువు పీల్చి వందల్లో ఆసుపత్రి పాలయ్యారు. రెండూ నీ తేదీకి దూరంగా జరగడం నీ అదృష్టం.

అన్ని వేళలా నీకా అదృష్టం లేదు. 2021 మార్చి 8న, సరిగ్గా నీ పండగ నాడే, విశాఖ ఉక్కులో వాటాలు నూరు శాతం వదులుకుంటామని కేంద్రం లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పింది. చెప్పిన ఆర్థిక మంత్రి మహిళ. ఆ రాత్రి కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు రోడ్డు మీద బైఠాయించారు. ఉద్యోగం పోతుందేమోనన్న దిగులు ఆ రాత్రి ఉక్కునగరంలో ప్రతి ఇంటికీ, ఆడామగా తేడా లేకుండా సమానంగా పంచి ఇచ్చావు.

నీకు పోటీ రాగల తేదీలు లేకపోలేదు. అమెరికావాళ్లు ఆగస్టు 26ను సమానత్వ దినం చేసుకున్నారు, 1920లో ఆడవాళ్లకు ఓటు వచ్చిందని. మన జిల్లా అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తి ఉన్న ఆడవాళ్లకు 1921లోనే ఓటిచ్చారు. ఆ సంగతి మన పంచాంగం ఎరగదు. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయటే ఉంచి. దేశం ఆ పని చెయ్యడానికి 2005 దాకా పట్టింది. ఆ సెప్టెంబరు 5న మనం గురువులకు దండలు వేసి ఊరుకుంటాం. ఆస్తి పంచిన రోజును పండగ చేసుకుంటే అన్నదమ్ములు భోజనానికి రారు మరి! ఇక 2023 సెప్టెంబరులో చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకని చట్టం చేసి, జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాక అని అందులోనే రాసుకున్నారు. ముహూర్తం పెట్టకుండా శుభలేఖ అచ్చువేసిన ఘనత మనదే.

తల్లీ, ఇంత పొగిడాను కనుక ఒక్క కోరిక. వచ్చే మార్చి 8న విశాఖలో ప్రతి సంస్థా వేదిక మీద ఒక కాగితం చదవాలి. ఏ విభాగంలో ఆడవాళ్లెందరు, పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, ఒకే పనికి ఎవరికెంత జీతం, 2013 చట్టం కింద లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, పసిపిల్లల గది ఉందా లేదా. ఫిర్యాదుల లెక్క వార్షిక నివేదికలో చూపాలని చట్టంలో ఎలాగూ ఉంది. మిగతాదంతా జీతాల సెక్షన్‌లో ఉంటుంది. చదవడానికి పది నిమిషాలు చాలు. ముగ్గుల పోటీ ఆ తర్వాత పెట్టుకోండి.