హక్కు అడిగితే పింఛను

కవి కొండల్లో తిరుగుతూ పూలను చూసి పరవశిస్తే దొరలకు ముచ్చటే. ఆ కవే పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాస్తే తలనొప్పి. 1838లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ ఆ తలనొప్పి తెచ్చిపెట్టాడు. పీల్‌కు రాశాడు, గ్లాడ్‌స్టన్‌కు రాశాడు, ఇంకా చాలామందిని వదల్లేదు.

అప్పటి చట్టం ప్రకారం కాపీరైట్ 28 ఏళ్లు, లేదా రచయిత బతికున్నన్నాళ్లు. పోయాక మరో 60 ఏళ్లు వారసులకు ఉండాలని టాల్ఫర్డ్ అనే సభ్యుడు బిల్లు పెట్టాడు. వర్డ్స్‌వర్త్ ఉత్తరాలు దాని కోసమే. కూలినాలి జనం మాటల్లో కవిత్వం రాయాలన్న మహానుభావుడు, ఆ జనానికి పుస్తకం చవగ్గా దొరకాలన్న సభ్యులతోనే తగువు పడ్డాడు. ఎంతైనా పిల్లలుగలవాడు.

1841లో ఆ బిల్లు మీద పార్లమెంటులో మెకాలే లేచాడు. మన చదువుల రాత మార్చి వెళ్లిన దొరే. నిఘంటువు రాసిన జాన్సన్ పోయి యాభై ఆరేళ్లయింది, ఇప్పుడు ఆయన పుస్తకాల హక్కు ఏ వ్యాపారి దగ్గరో ఉంటే, ఆనాడు ఆయన ఆకలి తీరేదా అన్నాడు. పదునైన వాదనే, కాదనలేం. బిల్లు పోయింది. 1856లో ఇదే మెకాలే తన చరిత్ర గ్రంథానికి ప్రచురణకర్త నుంచి ఒక్క చెక్కుగా 20,000 పౌండ్లు పుచ్చుకున్నాడు. ఆకలి సంగతి అప్పుడు గుర్తొచ్చిందో లేదో!

అసలు చట్టం మాత్రం బిల్లు పోయిన మరుసటేడే, 1842లో వచ్చింది. పోయాక ఏడేళ్లు, లేదా అచ్చయిన నాటి నుంచి 42 ఏళ్లు, ఏది ఎక్కువైతే అది. అరవై అడిగితే ఏడు! అదే ఏడాది ప్రధాని పీల్ కవిగారికి ఏటా 300 పౌండ్ల పింఛను ఇప్పించాడు. మరుసటేడు ఆస్థానకవి పదవి. కవిత్వం వారసులకు అరవై ఏళ్లు దక్కలేదు గానీ, ఆయన చేస్తున్న సర్కారీ స్టాంపుల ఉద్యోగం మాత్రం నిక్షేపంగా కొడుక్కి దక్కింది.

హక్కు ఇస్తే కవి మళ్లీ మొహం చూడడు. పింఛను ఇస్తే జన్మంతా దణ్ణం పెడతాడు. ఈ కిటుకు మన ఏలికలకు పీల్ నేర్పాలా? రాయల్టీ మాటెత్తిన కవికి ఉగాది కవిసమ్మేళనంలో శాలువా కప్పి, ఫొటో దిగి పంపేస్తారు.

టాల్ఫర్డ్ అడిగిన అరవై ఏళ్లు మాత్రం 1992లో ఢిల్లీలో దొరికాయి. ఠాగూర్ రచనల హక్కులు విశ్వభారతి చేయి జారబోతున్నాయని చట్టాన్నే సవరించి, యాభైకి మరో పదేళ్లు కలిపారు. ఠాగూర్ ఎవరికీ ఒక్క ఉత్తరం రాయలేదు. పోయి అప్పటికే యాభై ఏళ్లయింది కదా.