డబ్బాలో మిగిలిపోయిన మాత్రను

నేను మెథోట్రెక్సేట్ మాత్రను. పసుపు రంగు, చిన్న ఒళ్ళు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక అద్దె గదిలో, రేషన్ కార్డు దాచుకునే రేకు డబ్బాలో పడి ఉన్నాను.

నన్ను చేసిన ఫ్యాక్టరీ సంగతి అలా ఉంచండి. నా పుట్టుక వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న మనిషి. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది ల్యుకేమియా, అంటే రక్త కేన్సర్, ఉన్న పిల్లల్లో జబ్బును మరింత ఎగదోస్తోందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందు కావాలన్నాడు. సుబ్బారావు బృందం మా అన్న అమినోప్టెరిన్‌ను ఇచ్చింది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు: 16 మంది పిల్లల్లో 10 మందికి, కొన్నాళ్ళపాటే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. తర్వాత అన్న స్థానంలోకి నేను వచ్చాను. ఇన్నేళ్ళయినా ఈ పనిలోంచి నన్నెవరూ తీసేయలేదు. ఆ గర్వం నాకుంది.

ఈ ఇంటివాళ్ళు కదిరి వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చారు. పిల్లవాడికి జ్వరం వస్తూ పోతూ ఉంటే నీళ్ళు పడలేదనుకున్నారట. మొహం పాలిపోయింది. దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు, చిగుళ్ళలో నెత్తురు, కాళ్ళు పీకుతున్నాయని రాత్రిళ్ళు ఏడుపు. చివరికి మామూలు రక్తపరీక్షలోనే అనుమానం బయటపడింది. కిద్వాయి కేన్సర్ ఆస్పత్రిలో ఎముక మూలుగ తీసి చూసి ల్యుకేమియా అని ఖాయం చేశారు. తల్లి పక్కింటావిడకు చెబుతుంటే ఇదంతా విన్నాను. ఆ పక్కింటావిడ అప్పటినుంచి తన పిల్లల్ని ఈ గడప తొక్కనివ్వలేదు. ల్యుకేమియా అంటురోగం కాదు తల్లీ అని చెప్పడానికి నాకు నోరు లేదు.

సూదులు, సెలైన్లు, జుట్టు రాలడం అయ్యాయి. జుట్టు మళ్ళీ మొలిచింది. పిల్లవాడు బడికి వెళ్ళాడు. అప్పుడు మా వంతు: రోజూ మెర్కాప్టోప్యూరిన్ అనే ఇంకో మాత్ర, వారానికి ఒక్కరోజు మాత్రమే నేను, దాదాపు రెండేళ్ళు. నన్ను పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. అసలు వేయకపోతే జరిగేది ఈ ఇంట్లో చూశాను.

"పిల్లోడు బాగానే ఉండాడు కదమే, ఇంగ మాత్రలెందుకు?" అన్నాడు తండ్రి. ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. అది తప్పని నేననలేను. కానీ డబ్బా మూత పడింది. వారం వెంట వారం నా రోజు వచ్చేది, పోయేది. అగ్గిపెట్టె కోసం మూత తీసిన చెయ్యి నన్ను పక్కకు నెట్టేది. కంటికి కనబడని కణాలు లోపల దాక్కుని ఉంటాయని, వాటికోసమే నేనున్నానని ఎవరికి చెప్పుకోను? మొన్నటినుంచి పిల్లవాడికి మళ్ళీ జ్వరం. తిరగబెట్టిన జబ్బును లొంగదీయడం మొదటిసారికన్నా చాలా కష్టం.

పిల్లల్లో వచ్చే కేన్సర్లలో ల్యుకేమియానే ఎక్కువ. పూర్తి వైద్యం అందితే ఎక్కువమంది బతికి పెద్దవాళ్ళవుతారు. విడవని జ్వరం, పాలిపోవడం, కారణంలేని మచ్చలు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. మందులు మొదలుపెట్టాక డాక్టరు చాలనేదాకా మానకండి. ఖర్చులకో, దారిఖర్చులకో ఇబ్బందైతే మాత్రలు ఆపేయకుండా ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌ను అడగండి.