థర్మాకోల్ విశ్వమానవులు

మా మేనకోడలికి అన్నం తింటుండగా గుర్తొచ్చింది. డిసెంబరు 8, రాత్రి తొమ్మిదిన్నర. "మామయ్యా, ఎల్లుండి హ్యూమన్ రైట్స్ డే. రేపే మోడల్ తెమ్మన్నారు. గ్లోబు, దాని చుట్టూ చేయీ చేయీ పట్టుకున్న పిల్లలు. గ్లోబు తిరగాలి కూడా." తిరక్కపోతే ఏమవుతుందన్నాను. "రెండు మార్కులు కట్."

ఆ వేళప్పుడు హైదరాబాదులో మానవ హక్కులు ఎక్కడ దొరుకుతాయనుకున్నారు? మా వీధి మొదట్లో స్టేషనరీ షాపులో. షాపతను షట్టరు సగం దించేశాడు. "హక్కులు కావాలి" అనగానే "ఏ క్లాసు సార్?" అని ఒక్కటే ప్రశ్న వేసి, చార్టుల చుట్టలోంచి ఒకటి లాగి బల్ల మీద పరిచాడు. ఆ చుట్టలో పైన పండ్లు, కింద పెంపుడు జంతువులు, మధ్యలో మానవ హక్కులు. అన్నీ ఒకే సైజు, ఒకే రేటు. హక్కుల చార్టులో పన్నెండు గళ్లు, గడికో బుగ్గలు ఎర్రబడ్డ పిల్లాడు. అందరూ బూట్లేసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ప్రకటనలో అధికరణాలు ముప్ఫై కదా, ఇందులో పన్నెండే ఉన్నాయేమిటని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు. "చార్టులో పట్టినన్ని వేస్తారు సార్" అన్నాడు.

హక్కుల గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం నేను ఏ న్యాయశాస్త్ర పుస్తకంలోనూ చూడలేదు.

తర్వాత మా ఇంట్లో జరిగింది తెలుగునాట పిల్లలున్న ఇళ్లన్నింట్లో జరిగేదే. మా బావ థర్మాకోల్ కోశాడు. మా చెల్లెలు సముద్రాలకు నీలం రంగేసింది. నేను ఫెవికాల్‌తో ఆఫ్రికాను అతికించాను, అది రెండుసార్లు ఊడి అంటార్కిటికా మీద పడింది. పాత టేబుల్ ఫ్యాను మోటారు పెట్టి భూగోళాన్ని తిప్పాం. మానవ హక్కులు నేర్చుకోవలసిన పిల్ల పదకొండింటికే నిద్రపోయింది. రాత్రి ఒంటిగంటన్నర దాకా ముగ్గురు పెద్దవాళ్లు మేలుకుని, విశ్రాంతి హక్కు గురించి చెప్పే 24వ అధికరణానికి రంగు కాగితం అంటించారు.

మా పిల్ల చదివే బడి వాళ్ల బ్రోషరు మా ఫ్రిజ్ మీదే ఉంటుంది. 'మీ పాపను విశ్వపౌరురాలిగా తీర్చిదిద్దుతాం' అని ఉంది దాని మీద. బడి అడ్రసు మాత్రం పెట్రోలు బంకు వెనక సందు. ఆటస్థలం ఏదని అడిగితే మేడ మీదకి చూపిస్తారు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆటస్థలం ఉండాలని రాసుంది గానీ, విశ్వపౌరుడికి విశ్వమంతా ఆటస్థలమే కదా, ఇంకా వేరేగా అర ఎకరం దేనికి?

నిజానికి విశ్వపౌరుడన్న మాటకు పుట్టిల్లు గౌరవమైనదే. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది చదువు. అందులో 4.7 అనే చిన్న పద్దు కింద మానవ హక్కులు, శాంతి, విశ్వపౌరసత్వం 2030 నాటికి పిల్లలందరికీ నేర్పాలని ఉంది. మంచి కోరికే. కాకపోతే అది న్యూయార్కులో బయల్దేరి మా సందుకు వచ్చేసరికి ఫీజు రసీదులో ఒక లైనయింది. ఆ లైనుకు ప్రతిఫలంగా పిల్లలకు ఒక కిట్టు ఇస్తారు. రంగుల పుస్తకం, స్టిక్కర్లు, వర్క్‌షీట్లు, ఇంకా 'నేను ప్రపంచాన్ని ప్రేమిస్తున్నాను' అన్న బ్యాడ్జీ.

ఆ కిట్టు మొత్తం తిరగేశాను. దాన్ని రాసినవాళ్ల తెలివికి దండం పెట్టాలి. అందులో అన్యాయం అనేది ఎక్కడ జరిగినా రెండు షరతులకు లోబడి జరుగుతుంది: ఇక్కడ జరగకూడదు, ఇప్పుడు జరగకూడదు. 1955లో అమెరికాలోని మాంట్‌గొమరీలో రోసా పార్క్స్ బస్సులో సీటు ఇవ్వనన్న కథ ఉంది. మండేలా జైలు ఉంది. ఆన్ ఫ్రాంక్ అటక గది ఉంది. ఎలినార్ రూజ్‌వెల్ట్ ఫొటో పేజీ నిండా ఉంది. ఐక్యరాజ్యసమితి హక్కుల ప్రకటన రాసేటప్పుడు మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అన్న మాటను పట్టుబట్టి 'మానవులందరూ' అని మార్పించిన మన హంసా మెహతా పేరు మాత్రం లేదు. ఆవిడ కిట్టు కన్నా ముందే, 1948లోనే పనిచేసి వెళ్లిపోయారు గదా, కాపీరైటు సమస్య ఏమైనా ఉందేమో.

మా మేనకోడలు రోసా పార్క్స్ పాఠం చదివి, "మన దగ్గర ఇలాంటివి ఉండేవా?" అని అడిగింది. కిట్టులో జవాబు వెతికాను. 'చర్చించండి' అని ఉంది. చర్చకు మూడు గీతలు వదిలారు. మూడు గీతల్లో ఏం పడుతుంది? హోటల్లో కొందరికి గాజు గ్లాసు, కొందరు తాగి కడిగి బయట బోర్లించుకోవడానికి వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి పడుతుందా? 1985 జులైలో కారంచేడులో దళితుల ఊచకోత పడుతుందా, 1991 ఆగస్టులో చుండూరులో మళ్లీ అదే జరగడం పడుతుందా? మన పల్లెల్లో నెలనెలా ఆఖర్న అధికారులు వెళ్లి పౌరహక్కుల దినం జరపాలన్న ఏర్పాటు ఎందుకు వచ్చిందో పడుతుందా? బస్సు అట్లాంటిక్ అవతల ఆగితేనే పిల్లలకు క్షేమం. ఇవతల ఆగితే, అందులోంచి ఎవరు దిగుతారో, ఏ పేరెంటుకు కోపమొస్తుందో ఎవరు చెప్పగలరు? ఎంత దూరమైతే అంత నిర్భయంగా ఖండించొచ్చు. ఈ సూత్రం మీదే విశ్వపౌరసత్వం నడుస్తోంది.

పరీక్షల్లో హక్కుల తంతు ఇంకో రకం. పోయిన యూనిట్ టెస్టులో ప్రశ్న: 'బాలల భాగస్వామ్య హక్కును ఉదాహరణతో వివరించుము. 4 మార్కులు.' బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, 1992లో మన దేశం చేరింది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట కూడా వినాలని దాని 12వ అధికరణం. మా పిల్ల ఇలా రాసింది: 'మా క్లాసు లీడరును మిస్ పెట్టింది. మమ్మల్ని అడిగితే మేము శ్రావ్యను పెట్టుకునేవాళ్లం. మమ్మల్ని అడగడమే భాగస్వామ్య హక్కు.' ఐక్యరాజ్యసమితి వాళ్లెవరైనా చూస్తే ఫ్రేము కట్టించుకునేవాళ్లు. ఎర్ర పెన్ను మాత్రం దాని కింద గీత గీసి 'పాఠంలో లేదు' అని రాసి, నాలుక్కి ఒకటి ఇచ్చింది. పక్కనున్న పిల్లాడు గైడులో ఉన్నది ఉన్నట్టు దింపి నాలుక్కి నాలుగు తెచ్చుకున్నాడు. వాడు రేపు మంచి విశ్వపౌరుడవుతాడు, నాకేం సందేహం లేదు.

దండనల విషయంలో మాత్రం మన బడులు చాలా ముందుకొచ్చాయి, అది ఒప్పుకోవాలి. వీధిబడుల కాలంలో కోదండం ఉండేది, పిల్లాణ్ని తాడు పట్టించి వేలాడదీసేవారు. తర్వాత తొడపాశం, గోడకుర్చీ, గుంజీలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శరీరాన్ని హింసించడమే కాదు, మనసును వేధించడం కూడా కుదరదంది. ఆ చట్టం 2009 ఆగస్టులో పార్లమెంటులో పాసయింది. మూడు నెలలు తిరక్కుండా, అక్టోబరులో, కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో తెలుగు మాట్లాడిన పాపానికి చిన్నపిల్లల మెడలో 'ఇకపై తెలుగులో మాట్లాడను' అని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. పేపర్లకెక్కి పెద్ద గొడవైంది. ఇప్పుడెవరూ పలకలు వేలాడదీయరు, ఫైను వేస్తారు. మా పిల్ల బడిలో తెలుగు మాటకు పది రూపాయలు. పొద్దున్నే అసెంబ్లీలో ఆ పిల్లలే చేయి ముందుకు చాచి ఇంగ్లీషులో ప్రతిజ్ఞ చదువుతారు. దాన్ని 1962లో మొదట తెలుగులో రాసినవాడు నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆయన ఇవాళ ఆ బడికి వస్తే ఫైను ఎంతవుతుందో లెక్కేశాను. వాక్యానికి పది చొప్పున వేసినా వంద దాకా రావొచ్చు.

సర్కారు బడుల్లో ఈ హక్కుల కిట్ల బెడద తక్కువ. అక్కడ కిట్టు బీరువాలో ఉంటుంది. పిల్లలకిస్తే పాడైపోతుందని హెడ్మాస్టరు భయం, ఆడిట్లో లెక్క చెప్పాలిగా. దినోత్సవం నాడు బయటికి తీసి, పిల్లల చేతిలో పెట్టి, ఫొటో తీసి, యాప్‌లో అప్‌లోడ్ చేసి, మళ్లీ తాళం. హక్కులు అంత భద్రంగా ఇంకెక్కడా లేవు.

సరే, మా గ్లోబు సంగతికొద్దాం. తొమ్మిదో తేదీ పొద్దున పిల్ల పాలు తాగుతూ ముప్ఫై అధికరణాలూ ఫోన్లో తెలుగులో చదివింది. నేనే వెతికి పెట్టాను, చార్టులో పట్టనివి కూడా చూస్తుందని. 23 చదివింది: చేసిన పనికి న్యాయమైన జీతం. 24 చదివింది: విశ్రాంతి, పనిగంటలకు పరిమితి, జీతంతో కూడిన సెలవులు. గ్లాసు కింద పెట్టింది.

"ఇది మా సోషల్ మేడమ్‌కి కూడానా మామయ్యా?"

అందరికీనే అన్నాను. "మరి మా మేడమ్‌కి కుర్చీ లేదుగా?"

మొదట నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. క్లాసుల్లో టీచర్ల కుర్చీలు తీసేశారట. కూర్చుంటే చదువు చెప్పరని. మూలన సీసీ కెమెరా ఉంటుంది, ప్రిన్సిపాల్ గదిలో తెర ఉంటుంది. మేడమ్ రోజుకు ఏడు పీరియడ్లు నిలబడే చెబుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి బల్లకు ఆనుకుంటుంది, ఆనుకుంటే ఆయా వచ్చి చెప్పి వెళ్తుంది. మానవ హక్కుల పాఠం ఆరో పీరియడ్. 24వ అధికరణం వచ్చినప్పుడు ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, "ఇది చదువుకోండి, ఎగ్జామ్‌లో రాదు" అందట.

ఊరంతా విచారించాను. ఈ ఒక్క బడి కాదు. ప్రైవేటు టీచర్లను అడిగితే కుర్చీ కథలు ఒకదాన్ని మించి ఒకటి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ మేనేజ్‌మెంటు దగ్గర పెట్టుకుంటే గానీ ఉద్యోగం ఇవ్వని చోట్లున్నాయి. వేసవి రెండు నెలలూ జీతం ఉండదు. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు వీళ్లలో ఎందరో రోడ్డున పడితే, 2021లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. మళ్లీ బడులు తెరిచాక ఆ టీచర్లే వచ్చి పిల్లలకు గౌరవప్రదమైన జీవితం గురించి పాఠం చెప్పారు, నిలబడి. మన దగ్గర హక్కుల పాఠానికి అసలైన బోధనోపకరణం ఏదైనా ఉందంటే క్లాసులో కనబడని ఆ కుర్చీయే. దాన్ని కొనక్కర్లేదు, చార్టు అక్కర్లేదు, తీసేశారు కాబట్టి రోజూ కనబడుతుంది.

మా పిల్ల నాకు చెప్పకుండా ఒక పని చేసింది. మిగిలిన అట్టముక్కతో చిన్న కుర్చీ చేసి, మా బావ అతికించిన భారతదేశం మీద, సరిగ్గా హైదరాబాదు ఉండాల్సిన చోట నిలబెట్టింది. దాని వెనక 24 అని పెన్సిలుతో రాసింది.

పదో తేదీన బడి ముంగిట్లో షామియానా వేశారు. 1948లో అదే రోజు పారిస్‌లో ఆ ప్రకటనకు 48 దేశాలు సరేనన్నాయని, ఎనిమిది దేశాలు ఎటూ చెప్పకుండా కూర్చున్నాయని ఒక పిల్లాడు ఇంగ్లీషులో ఆపకుండా అప్పజెప్పాడు. ముఖ్య అతిథికి టర్కీ తువ్వాలు పరిచిన కుర్చీ వేశారు. ఆయన రాజకీయాల్లో ఉన్నాడు, గంటా పది నిమిషాలు మానవ గౌరవం గురించి మాట్లాడాడు. షామియానా పిల్లల వరసల దాకా రాలేదు. ఐదో తరగతి పిల్లాడొకడు ఎండలో కళ్లు తిరిగి పడిపోతే, ఫొటోలు తీసే అబ్బాయి కెమెరా పక్కకు తిప్పుకున్నాడు. టీచర్లంతా గోడ పక్కన వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు.

మేం వెళ్లి చూసేసరికి మోడళ్లన్నీ బల్ల మీద తిరుగుతున్నాయి, మా గ్లోబు కూడా తిరుగుతోంది. పదికి తొమ్మిది. కుర్చీ లేదు. హైదరాబాదు మీద ఫెవికాల్ మరక ఒక్కటి మిగిలింది.

"ఊడిపోయిందా?" అన్నాను ఇంటికొచ్చేటప్పుడు.

"లేదు. మేడమ్ తీసింది. ప్రిన్సిపాల్ చూస్తే నన్ను తిడతారని."

"పారేసిందా?"

"ఉహూ. కెమెరాకి వీపు పెట్టి నిలబడి, మెల్లగా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది."